కొండమీది పెద్దమనిషి

మా ఆయన తయారుచేసిన రేడియో పెట్టెల్లోకెల్లా తెలివైనదానికి పెద్దమనిషి అని పేరు పెట్టింది నేనే. పెట్టిన రోజు తెగ మురిసిపోయాను. ఆయన కూడా నవ్వి ఆఫీసులో అందరికీ చెప్పాడు. దాంతో కాగితాల మీద తప్ప అంతటా దానికి అదే పేరు ఖాయమైపోయింది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరు ఎత్తితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

సంగతి మొదటినుంచీ చెప్తాను. మా ఊరిని ఆనుకుని ఒక కొండ ఉంది. కొండకి అటుపక్క వాన కొలిచే స్టేషను, ఇటుపక్క డ్యాము. ఎంత వాన పడిందో ముందు తెలిసేది అటువైపు, గేట్లు ఎత్తాల్సింది ఇటువైపు. మామూలు రోజుల్లో ఫోన్లున్నాయి. గట్టిగా గాలివాన వచ్చిందంటే మాత్రం ముందు పోయేవి ఆ ఫోన్లే. అందుకని మా ఆయన పనిచేసే ఆఫీసువాళ్ళు రెండువైపులా చెరో రేడియో పెట్టె పెట్టించారు. మధ్యలో కొండ అడ్డం కాబట్టి ఒకదాని మాట ఒకదానికి వినపడదు. కొండ నెత్తిమీద ఇంకొకటి పెట్టారు. అది ఇద్దరి మాటా వింటుంది, ఇద్దరికీ చెప్తుంది.

కిందున్న పెట్టెలు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండవు. చెప్పుల అట్టపెట్టె అంత ఉంటాయి, బూడిదరంగు. వరసగా బటన్లు, పైన చిన్న తెర, పక్కన ఒక ఆకుపచ్చ లైటు. గాలివానలో కూచుని అక్షరాలు టైపు చేసే తీరిక ఎవరికుంటుందని ప్రతి బటన్‌కీ ఒక మాట ముందే కట్టిపెట్టారు. క్షేమం. నీళ్ళు పెరుగుతున్నాయి. దారి మూసుకుపోయింది. ఇక్కడికి రా. నేను వస్తున్నా. సాయం పంపు. అంతే, ఇంకో మాటకి చోటు లేదు.

నేను బట్టలు కుడతాను. కింద కొట్టు, పైన ఇల్లు. బళ్ళ యూనిఫారాలు, కర్టెన్లు, సోఫా గలీబులు, ఏది వస్తే అది. ఒక సాయంత్రం కొట్టు కట్టేసి పైకి వెళ్తుంటే మా ఆయన మెట్లమీద కూచుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది, ఇంక అన్నం సంగతి అడగడని.

"నీకొకటి చెప్పనా? మా కొండమీది పెట్టె రెండు మాటలు వింటుంది, ఒకటే మాట చెప్తుంది. అయినా ఇద్దరికీ అవతలివాళ్ళ మాట తెలిసిపోతుంది."

"నాకు దారాలు చుట్టుకునే పనుంది."

"ఒక్క నిమిషం కూచో. అటువాళ్ళూ ఇటువాళ్ళూ చెరో మాట పంపారనుకో. విడివిడిగా చెప్పాలంటే అది రెండుసార్లు నోరు తెరవాలి. వానలో ఒకసారి నోరు తెరవడమే గగనం. అందుకని రెండూ కలిపేసి ఒక్కసారే అంటుంది. ఎవరి మాట వాళ్ళకి తెలుసు కదా. కలిపినదాంట్లోంచి తమది తీసేసుకుంటే మిగిలింది అవతలివాళ్ళది."

"రెండు రంగుల దారం చిక్కుపడితే మన రంగు లాగేసుకున్నట్టా?"

"అదే అదే." ఆయన మెట్లమీది బల్బు చూపించాడు. "ఇంకా తేలిగ్గా చెప్పనా. దీనికి పైన ఒక స్విచ్చి, కింద ఒక స్విచ్చి. ఎవరు నొక్కినా ఉన్నది మారుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది, వెలుగుతుంటే ఆరుతుంది. పైన నేను నొక్కానో లేదో నాకు తెలుసు. కాబట్టి బల్బు చూస్తే చాలు, కింద నువ్వు నొక్కావో లేదో తెలిసిపోతుంది. నిన్ను అడగక్కర్లేదు. మేము ప్రతి మాటనీ ఇలాంటి బల్బుల వరసగా మారుస్తాం, అంతే తేడా."

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పింది చెప్పగానే నాకు అర్థం కావడం కూడా అదే మొదలు.

"అయితే మీ పెట్టె పెద్దమనిషన్నమాట," అన్నాను. "ఇద్దరి మాటా వింటాడు, ఇద్దరికీ కలిపి ఒకే మాట చెప్పేస్తాడు, ఎవరిక్కావల్సింది వాళ్ళు ఏరుకోండి అంటాడు."

ఆయన పడీపడీ నవ్వాడు. పేరు పుట్టింది అలాగ.

ఆ పెద్దమనిషికి ఇంకో గుణం కూడా ఉంది. వాతావరణాన్ని బట్టి నడుచుకుంటాడు. ఎండ కాసినప్పుడు అతని చేతికి ఎముక ఉండదు. విన్నది విన్నట్టు వెంటనే చెప్పేస్తాడు, అవతలివాళ్ళకి చేరిందని కబురు వెనక్కి కూడా తెస్తాడు. వాన ముదిరిందంటే పరమ పిసినారి. నీళ్ళు పెరుగుతున్నాయి, సాయం పంపు లాంటి ప్రాణం మీది మాటలు మాత్రం ఆపకుండా పంపించేస్తాడు. తక్కినవాటిని ఎదుటివైపునుంచి ఇంకో మాట వచ్చేదాకా దగ్గర పెట్టుకుంటాడు, రెండూ కలిపి ఒకే ఖర్చుతో తేల్చేస్తాడు. చేరిందన్న కబురు మోసుకురావడం మానేస్తాడు. తన చేతికి అందగానే పంపినవాళ్ళ పెట్టెలో ఆకుపచ్చ లైటు వెలిగిస్తాడు, అంతే. "కొండమీదికి చేరితే ఇంట్లోకి చేరినట్టే," అనేవాడు మా ఆయన. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో గర్వం నాకు బాగా గుర్తు.

ఇప్పుడు ఆ రెండు పెట్టెల దగ్గరా ఎవరున్నారో చెప్పాలి. వాన కొలిచే స్టేషనులో నా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు. ఇంట్లో అందరికీ చిట్టి. డ్యాము గేట్ల గదిలో ఆమె మొగుడు. నాకు వరసకి అన్నయ్య కాబట్టి నేను గేట్ల అన్నయ్య అనేదాన్ని. ఇద్దరూ డ్యాము క్వార్టర్సులో కాపురం. పొద్దున్నే చిట్టి కొండచుట్టూ తిరిగే బస్సెక్కి స్టేషనుకి పోయేది, సాయంత్రం అదే బస్సులో దిగేది. బస్టాపు గేట్ల గది కిటికీలోంచి కనబడుతుంది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. చిట్టి చూడనట్టు నటిస్తూ నవ్వుకుంటూ వచ్చేది. కొత్తలో నాలుగు రోజులు ఇలా ఉంటారులే అనుకున్నాను. ఏళ్ళు గడిచినా ఆ చెయ్యి ఊపడం మానలేదు.

అలాంటివాళ్ళు దేనికి విడిపోయారో చెప్తే నవ్వుతారు. మా ఇంట్లోనే, భోజనాల దగ్గర. మా ఆయన ఆఫీసు వాళ్ళు కొందరు కూడా ఉన్నారు. చిట్టి ఆ నెల లెక్కలు తప్పులేకుండా పంపిందని ఎవరో మెచ్చుకుంటుంటే గేట్ల అన్నయ్య, "వాన కొలవడానికి ఇంత చదువెందుకండీ, వాకిట్లో బకెట్టు పెడితే చాలదూ," అన్నాడు. అందరం నవ్వాం. చిట్టి కూడా నవ్వుతూనే, "గేటు ఎత్తడానికి మనిషెందుకు, తాడుకట్టి లాగితే చాలదూ," అంది. మళ్ళీ నవ్వాం. మూడో మాట ఎవరన్నారో నాకు గుర్తులేదు గానీ, దానికి ఎవరూ నవ్వలేదు.

ఆ మాట వాళ్ళతోపాటే ఇంటికెళ్ళింది. వెళ్ళి పెద్దదైంది. నా ఉద్యోగమంటే నీకు చులకన అని ఒకరు, నలుగురిలో నా పరువు తీశావని ఒకరు. చిట్టి బట్టలు సర్దుకుని స్టేషను వెనక గదిలోకి మారిపోయింది. పంతం అనేది ఆ ఇద్దరికీ సమానంగా పంచిపెట్టారు ఎవరో, ఒక చెంచాడు కూడా ఎక్కువ తక్కువ లేకుండా. నువ్వు ముందు పిలువు అంటే నువ్వు ముందు పిలువు. నేను ఇటు చెప్పి చూశాను, మా ఆయన అటు చెప్పి చూశాడు. చివరికి ఎవరిమీద కోపంతో ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియకుండా విడాకుల కాగితాలు తయారయ్యాయి. ఇద్దరూ సంతకాలు పెట్టడమే మిగిలింది. అదే సమయానికి గేట్ల అన్నయ్యకి దూరప్రాంతంలో ఇంకో డ్యాముకి బదిలీ వచ్చింది. వెళ్తాడో ఉంటాడో చెప్పమన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే గాలివాన.

ఆ రోజు ఏం జరిగిందో చిట్టి మాకు తర్వాత చెప్పింది. మధ్యాహ్నానికే చీకటి కమ్మేసిందట. ఫోన్లు పోయాయి. చిట్టి తడుస్తూ వెళ్ళి వాన కొలిచి, ఆ లెక్క రాసిపెట్టి, గదిలో ఒక్కత్తీ కూచుంది. రేకుల మీద వాన చప్పుడుకి తన ఆలోచనలు తనకే వినపడలేదట. కొండకి అవతల ఆ మనిషి గేట్లు ఎత్తడానికి ఆ వానలో తిరుగుతున్నాడు, ఆ ఇనుపమెట్లు తడిస్తే ఎంత జారతాయో తనకి తెలుసు. అప్పుడు అనిపించిందట, ఎవరు ముందు పిలిస్తే ఏమిటి అని.

"నాలుగో బటన్ నొక్కాను వదినా," అంది. నా కొట్లో స్టూలు మీద కూచుని, కింద పడ్డ గుడ్డముక్కలు ఏరి ఒళ్ళో పెట్టుకుంటూ చెప్పింది. "ఇక్కడికి రా, అని. లైటు వెలిగింది. మర్నాడు వాన తెరిపిచ్చింది. గది ఊడ్చుకున్నాను, తల దువ్వుకున్నాను. బస్సు వచ్చింది. ఆయన దిగలేదు. సాయంత్రం బస్సుకి కూడా దిగలేదు."

మా ఆయన అక్కడే ఉన్నాడు. చిట్టి ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, లైటు వెలిగిందంటే చేరినట్టేనా?"

"వెలిగితే చేరినట్టే."

"ఖాయంగా?"

"నా పెట్టె అది. ఖాయంగా."

చిట్టి గుడ్డముక్కలన్నీ బుట్టలో వేసి లేచింది. ఆ వారంలోనే సంతకం పెట్టేసింది. గేట్ల అన్నయ్య బదిలీకి ఒప్పుకున్నాడని తెలిసింది. నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆడది దిగొచ్చి పిలిస్తే కదలని మనిషి మనిషేనా అన్నాను. ఆయన ఊరు వదిలి వెళ్ళేరోజు మా ఆయన బస్టాండుకి వెళ్తానంటే, వెళ్తే మళ్ళీ ఈ ఇంటి మెట్లెక్కద్దన్నాను. వెళ్ళాడు, మెట్లెక్కాడు కూడా. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. గేట్ల అన్నయ్య అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని, కూతురు పుట్టిందని తెలిసింది. చిట్టి స్టేషనులోనే ఉండిపోయింది. ఇంకొకరిని చూద్దామా అని ఒకసారి అడిగితే, "నాకు వాన ఉంది కదా వదినా," అంది. సెలవురోజు వచ్చేది, నా పక్కన కూచుని గుండీలు కుట్టేది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. మనిషి నవ్వుతూనే ఉండేది గానీ, పిలిచినా రాలేదన్న ముల్లు లోపల అలాగే ఉంది. బస్సు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ తల తిప్పి చూస్తుంది.

ఈమధ్య మా ఆయన ఆఫీసుకి అతిథులు వచ్చారు. ఈ పెట్టెలు ఇంకా చాలాచోట్ల పెట్టించే ఆలోచన ఉందట, పనితీరు చూపించమన్నారు. పెట్టెలకి వానకి తడవని గలీబులు కుట్టింది నేనే కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఒక పెద్ద గది, దానికి అటొక చిన్నగది, ఇటొక చిన్నగది. చిన్నగదుల్లో చెరో పెట్టె, మధ్యలో బల్ల మీద పెద్దమనిషి. బయట ఎండ మాడిపోతోంది. వానలో దాని తెలివి చూపించాలంటే ఎలా మరి? ఏదో మర తిప్పి దాని బలం తగ్గించేశారు, పాపం అది నిజంగానే వాన అనుకుని పిసినారి వేషం వేసింది.

అతిథుల్లో ఒక బొద్దుపాటి ఆయన అటు గదిలోకి, కళ్ళజోడు ఆవిడ ఇటు గదిలోకి వెళ్ళారు. "మీకు నచ్చిన బటన్ నొక్కండి," అన్నాడు మా ఆయన. ఇద్దరూ మర్యాదస్తులు. చూసీచూసీ ఇద్దరూ మొదటిదే నొక్కారు, క్షేమం అని. రెండు గదుల్లోనూ ఆకుపచ్చ లైట్లు వెలిగాయి. తెరలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. కాసేపు చూశాం. ఏమీ రాలేదు.

"మా క్షేమం మీ పెట్టెకి ఇష్టం లేనట్టుందండీ," అని నవ్వాడు బొద్దాయన.

మళ్ళీ నొక్కమన్నారు. ఈసారి ఆయన ఒకటి నొక్కాడు, ఆవిడ ఇంకొకటి నొక్కింది. టక్కున ఆయన మాట ఆవిడ తెరమీదా, ఆవిడ మాట ఆయన తెరమీదా వచ్చాయి. చప్పట్లు కొట్టారు. కాఫీలకి కదిలారు. అందరూ మొదటిది మర్చిపోయారు.

మా ఆయన కదల్లేదు. అందరూ వెళ్ళాక రెండు పెట్టెల్నీ తెచ్చి ఒకే బల్లమీద పక్కపక్కన పెట్టాడు. రెండు చేతులతో రెంటిమీదా మొదటి బటన్ నొక్కాడు. లైట్లు వెలిగాయి, తెరలు ఖాళీ. రెండో బటన్, మూడో బటన్‌లతో కూడా చేశాడు. రెండోది ప్రాణం మీది మాట కాబట్టి వెంటనే చేరింది, మూడోది చేరలేదు. నాలుగోదాని మీద వేళ్ళు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నొక్కాడు. తెరలు ఖాళీగానే ఉన్నాయి.

ఆ మొహంలో రంగు పోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. గలీబులు మడతపెట్టి సంచిలో వేసుకుని, ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. పైకెక్కకుండా మెట్లమీదే కూచున్నాడు.

"ఏమైందండీ?"

ఆయన బల్బు వైపు చూశాడు. "పైనుంచి నేనూ కిందినుంచి నువ్వూ ఒకేసారి నొక్కితే ఏమవుతుంది?"

"ఏముంది, ఎలా ఉన్నది అలాగే ఉంటుంది."

"చీకట్లో ఉన్నాం అనుకో."

"చీకటిగానే ఉంటుంది."

"అంతే. రెండువైపులా ఒకే మాట అయితే, కలిపితే ఏమీ మిగలదు. ఉత్త ఖాళీ. వానలో పెట్టెకి అలాంటి ఉత్త ఖాళీలు చాలా వినపడతాయి, ఉరుముకి, మెరుపుకి. వాటిని మాటలనుకుని మోయడం దండగని, ఖాళీగా ఉన్నదాన్ని పారెయ్యమని నేనే చెప్పాను దానికి."

"మరి అన్నిసార్లు పరీక్షలు చేశారు కదా. ఎప్పుడూ కనపడలేదా?"

"పరీక్ష చేసేవాడు రెండువైపులా ఒకే మాట పంపడే. పంపితే ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? అందుకని ఎప్పుడూ అటొకటి, ఇటొకటి. అందరం అలాగే చేస్తాం."

నాకు ఇంకా తలకెక్కలేదు. ఏదో లోపం బయటపడింది, సిగ్గుపడుతున్నాడు, సరిచేస్తే పోతుంది కదా అనుకున్నాను. అదే అన్నాను కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆరోజు బావ కూడా నొక్కాడు."

"ఏ రోజు?"

"గాలివాన రోజు. బస్టాండులో చెప్పాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, 'నాలుగోది నొక్కాను బావా, నీ చెల్లెలు రాలేదు, మర్నాడు ప్రతి బస్సూ చూశాను' అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అబద్ధమాడుతున్నాడనుకున్నాను. నిజంగా నొక్కితే చేరకుండా ఎలా ఉంటుంది? పోయే మనిషి పరువు దక్కించుకోడానికి ఓ మాట అన్నాడు, అది మోసుకొచ్చి చిట్టిని ఇంకా ఏడిపించడం ఎందుకని మీ ఎవరికీ చెప్పలేదు."

నేను ఇన్నేళ్ళూ తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ మనిషి పిలిచాడు. చిట్టీ పిలిచింది. ఇద్దరూ ఆకుపచ్చ లైటు చూసుకున్నారు, ఇద్దరూ బస్సుల కోసం చూశారు.

"ఇద్దరి మాటలూ మీ దగ్గరే ఉన్నాయి కదండీ," అన్నాను. కోపంతో అన్నానో ఏడుస్తూ అన్నానో నాకే తెలియదు. "పెట్టెకైతే బుద్ధి లేదు. రెండు చెవులతో రెండూ విన్నారు, మీరైనా కలిపి చూసుకోకపోయారా?"

"చూశాను. చూసి, ఇద్దరిలో ఒకరిది అబద్ధమనుకున్నాను గానీ, పెట్టెది అబద్ధం అనుకోలేదు."

"ఇక్కడికి రా అన్న మాటని అది ఎందుకు ఆపాలి అసలు? వెంటనే పంపించేస్తే ఏం పోయేది?"

"అది ప్రాణం మీది మాట కాదు, తీరిగ్గా చెప్పొచ్చనుకుంది," అన్నాడు. మళ్ళీ తనే, "అది కాదులే. అనుకున్నది నేను," అన్నాడు.

ఆ వారమంతా చెప్పాలా వద్దా అన్నదే మా ఇంట్లో గొడవ. ఇప్పుడు చెప్పి ఏం లాభం, మానిన పుండు కెలకడమే అంటాడాయన. అది మానిందని మీకెవరు చెప్పారు అంటాను నేను. పిలిచినా రాని మొగుడి పెళ్ళాన్నని అది ఇన్నాళ్ళూ తలవంచుకు తిరుగుతోంది, కనీసం ఆ తలైనా ఎత్తనివ్వండి అన్నాను. సెలవురోజు పొద్దున్న చూస్తే ఆయన చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరం కొండచుట్టూ తిరిగే బస్సెక్కాం.

చిట్టి స్టేషను వాకిట్లో ఉంది. అంతకుముందే చిన్న జల్లు పడి వెలిసింది. వాన పట్టే రాగి గరాటు ఎత్తి, లోపలి సీసాలో నీళ్ళు సన్నటి గాజుగొట్టంలోకి వంచుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది. "ఉండండి, ఒక్క నిమిషం," అని గొట్టం కళ్ళ ఎదురుగా పెట్టుకుని చూసింది. ఆ పనిలో ఆమె ఎవరికోసమూ ఆగదు. లోపలికెళ్ళాక మాకు కుర్చీలు వేసి, తను మంచం అంచున కూచుంది. గోడవారగా చిన్న బల్లమీద నేను కుట్టిన గలీబులో ఆ పెట్టె.

మా ఆయన నిలబడే చెప్పాడు. దాచకుండా, తనని తాను వెనకేసుకురాకుండా మొత్తం చెప్పాడు. బస్టాండులో చెయ్యి వెనక్కి తీసుకున్న సంగతి కూడా. చెప్పడం అయిపోయాక చిట్టి పెట్టె వైపు చూసింది.

"ఆయన పిలిచాడా," అంది.

"పిలిచాడమ్మా."

"నాలుగోదేనా?"

"నాలుగోదే."

"నేను నాలుగోది కాకుండా పక్కది నొక్కి ఉంటే? నేను వస్తున్నా అని?"

మా ఆయన తల ఊపాడు.

"నోటితో చెప్పన్నయ్యా."

"ఇద్దరికీ చేరేది."

"క్షేమం అని నొక్కినా?"

"చేరేది. నీదీ ఆయనదీ వేరే మాటలైతే ఏదైనా చేరేది."

చిట్టి నా వైపు తిరిగింది. నవ్వింది. ఆ నవ్వు చూళ్ళేక నేను కిటికీ వైపు చూశాను.

"చూశావా వదినా. కాపురం చేసినన్నాళ్ళూ వాదించుకుంటూనే ఉన్నాం. మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది ఆ ఒక్కరోజే."

నేను లేచి పక్కన కూచుని దగ్గరికి తీసుకున్నాను. చిట్టి ఏడ్చింది. ఇన్నేళ్ళలో నా ఎదుట ఏడవడం అదే మొదలు. మా ఆయన బల్లకి ఆనుకుని నిలబడి, "నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు," అన్నాడు. చిట్టి ఆ మాటకి జవాబు చెప్పలేదు. వద్దు అనలేదు, సరే అనలేదు. అది ఆయనకి పడాల్సిందేనని నాకూ అనిపించింది, ఎంత నా మొగుడైనా.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి, మొహం కడుక్కొచ్చింది.

"ఆయనకి చెప్పారా?"

"లేదు. ముందు నీకే. నువ్వు చెప్పమంటే రేపే వెళ్తాను," అన్నాడు మా ఆయన.

"వద్దు."

"అదేమిటే," అన్నాను నేను. "నువ్వు రాలేదనుకునే కదా ఆయన వెళ్ళిపోయింది. నీమీద ఆ మాట ఉండిపోతుంది."

"ఉండనీ. ఇప్పుడు ఆయనకో ఇల్లుంది, పిల్ల ఉంది. నేను రాలేదనుకుంటే ఆయన హాయిగా ఉంటాడు. నేనూ పిలిచానని తెలిస్తే ఉండగలడా? నాకు తెలుసుగా ఆయన సంగతి. ఆ పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా కిటికీలోంచి బస్టాపు చూస్తాడు." గిన్నెలో పాలు పోసి పొయ్యిమీద పెట్టింది. "ఇద్దరిలో ఒకరికి తెలిస్తే చాలు."

టీ తాగుతుండగా బయట మళ్ళీ మబ్బేసింది. రేకుల మీద టపటపా చినుకులు మొదలై, చూస్తుండగానే జోరందుకున్నాయి. చిట్టి గోడగడియారం చూసుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం ఆ వేళకి అటువాళ్ళూ ఇటువాళ్ళూ క్షేమం చెప్పుకోవడం కొత్తగా పెట్టిన నియమమట.

"సరిచేశావా అన్నయ్యా దీన్ని?"

"నిన్నే. ఖాళీ వచ్చినా పారెయ్యదు, ఇద్దరికీ చెప్తుంది. నీ మాటే వాళ్ళ మాట అని దానికి అర్థం."

"ఇద్దరూ ఒకటే నొక్కినా?"

"ఇద్దరూ ఒకటే నొక్కినా."

చిట్టి మొదటి బటన్ నొక్కింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. బయట వాన, లోపల ముగ్గురం తెరవైపు చూస్తూ నిలబడ్డాం. కొంతసేపటికి తెరమీద అక్షరాలు వచ్చాయి. క్షేమం.

చిట్టి ఆ మాటని అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత గలీబు కిందికి లాగి సరిచేసి, గొడుగు తీసుకుని వాన కొలవడానికి బయటికి వెళ్ళింది. గేట్ల గదిలో ఇప్పుడు ఉంటున్నది ఎవరో మాకెవరికీ తెలియదు.